ఎంత ట్రక్కు కావాలి?

డాలస్‌కి ఉత్తరాన ఉన్న శివారు ఊళ్ళలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళలో కొందరికి మూడో నాలుగో ఏట ఒక కోరిక పుడుతుంది. పెరట్లో ఆనపపాదుకి పందిరి వేయాలి, మడులకి మట్టి తోలాలి, గాలివానకి పడిపోయిన కంచె పలకలు మార్చాలి. ప్రతిసారీ వ్యాన్‌లో సీట్లు పీకి, పాత దుప్పటి పరిచి, మట్టి బస్తాలు ఎక్కించి, ఆ తర్వాత వారం రోజులు ఇంట్లోవాళ్ళ చేత మాటలు పడి, చివరికి "ఒక పికప్ ఉంటే పోలా" అనుకుంటారు. అనుకున్న మర్నాడే రెండో ప్రశ్న ఎదురవుతుంది. మిడ్‌సైజా, ఫుల్‌సైజా?

పోయిన ఏడాది మా మిత్రుడొకడు ఇదే ప్రశ్నతో వచ్చాడు. ఊరికి కాస్త దూరంగా ఎకరం స్థలంలో ఇల్లు తీసుకున్నాడు. "అన్నా, నువ్వు ఇరవయ్యేళ్ళ నించీ ట్రక్కు నడుపుతున్నావు కదా, ఏది కొనమంటావు?" అన్నాడు. ఏం పనులున్నాయో చెప్పమన్నాను. చెప్పాడు. విన్నాక నాకు తోచినదేంటంటే, అతనికి కావలసిన బండి ఆ రెండిట్లో ఏదీ కాదు. 2003లో నేను వాడినలాంటిది, రెండు సీట్లు, ఆరడుగుల తొట్టి, మొత్తం పదిహేనున్నర అడుగుల పొడవు ఉన్న చిన్న ఫోర్డ్ రేంజర్ అతనికి సరిగ్గా సరిపోతుంది. అలాంటి బండి ఇవాళ అమెరికాలో ఏ షోరూములోనూ కొత్తది దొరకదు. ఎందుకు దొరకదు అన్నదానికి జవాబు కార్ల కంపెనీల దగ్గర సగమే ఉంది. మిగతా సగం కోళ్ళ దగ్గర మొదలవుతుంది. అది చెప్పే ముందు అసలు పికప్ అనేది ఎక్కణ్ణించి వచ్చిందో కొంచెం చెప్పాలి.

(మాటల గురించి ఒక మాట. మా గుంటూరు వైపు ట్రక్కు అంటే ట్రాక్టరు వెనక తగిలించేది. ఇక్కడ ట్రక్కు అంటే మొత్తం బండి. దాని వెనక భాగాన్ని అమెరికన్లు 'బెడ్' అంటారు. నేను తొట్టి అంటాను.)

ఫోర్డ్ మోడల్-టి కార్లు కొన్న రైతులు వాటి వెనక భాగం కోసేసి, చెక్కపెట్టె బిగించుకుని, పాల క్యాన్లూ పందిపిల్లలూ వేసుకుని సంతకి వెళ్ళేవాళ్ళు. కంపెనీ ఇది చాలా ఏళ్ళు చూసింది. 1925 ఏప్రిల్‌లో ఆ పనేదో తనే చేసి 'పికప్ బాడీతో రనబౌట్' అనే పేరుతో 281 డాలర్లకి అమ్మకానికి పెట్టింది. అంటే ఈ బండిని కనిపెట్టింది ఇంజనీరు కాదు, రంపం పట్టుకున్న రైతు. తర్వాత రెండు మూడు దశాబ్దాల్లో అరటన్ను, ముప్పావు టన్ను, టన్ను అనే లెక్క స్థిరపడింది. ఎంత బరువు మోస్తుందో దాన్నిబట్టి పేరు. 1948లో ఫోర్డ్ ఎఫ్-సీరీస్ వచ్చేటప్పటికి ఎఫ్-1 అంటే అరటన్ను బండి. ఇప్పటి ఎఫ్-150 దాని వారసుడే. అరటన్ను అనే పేరు ఇంకా వాడుకలో ఉంది గానీ, అందులో నిజం ఎప్పుడో పోయింది. ఇప్పటి 'అరటన్ను' బళ్ళు చాలావరకు ముప్పావు టన్ను పైనే మోస్తాయి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఊళ్ళకి ఊళ్ళు కొత్తగా లేచాయి. ఆ ఇళ్ళన్నిటికీ మూలం నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉండే ప్లైవుడ్ పలక. గోడలకి వేసే జిప్సం పలకా అదే కొలత. ఆ పలక తొట్టిలో సాపుగా పడుకుంటే అది పనిచేసే బండి, పడుకోకపోతే కాదు. ఇవాళ్టికీ ఫుల్‌సైజ్ ట్రక్కు తొట్టిలో చక్రాల మీద ఉబ్బెత్తుగా ఉండే రెండు గూళ్ళ మధ్య దూరం యాభై అంగుళాలు, అటూ ఇటూగా. పలకకి నలభై ఎనిమిది కావాలి. చాలా మిడ్‌సైజ్‌లలో ఆ దూరం నలభై నాలుగు, నలభై అయిదు దగ్గర ఆగిపోతుంది. ఈ రెండు రకాల మధ్య అసలైన గీత అదేనని నా ఉద్దేశం. ఆ మూడు నాలుగు అంగుళాలే.

చిన్న ట్రక్కులు జపాన్ నించి వచ్చాయి. 1950ల చివర్లో దాట్సన్ వాళ్ళు పావుటన్ను బండి ఒకటి కాలిఫోర్నియాలో దించారు. 1960ల్లో టొయోటా వచ్చింది. ఇండియాలోనూ, ప్రపంచమంతటా హైలక్స్ అని పిలిచే బండి 1969లో అమెరికాలోకి అడుగుపెట్టింది. తోటపని చేసేవాళ్ళు, పెయింటర్లు, ప్లంబర్లు వీటిని ఇష్టంగా కొన్నారు. వీటికంటే ముందునించే జర్మనీ ఫోక్స్‌వాగన్ కూడా తన గుండ్రటి వ్యాన్‌కే తొట్టి పెట్టి పికప్‌గా అమ్ముతూ ఉండేది. ఇక్కడే కోళ్ళు ప్రవేశిస్తాయి.

1950ల్లో అమెరికాలో కోళ్ళ పెంపకం ఫ్యాక్టరీ పనిగా మారింది. అంతకుముందు ఆదివారం నాడు మాత్రమే వండుకునే కోడి, రోజూ తినే చవక మాంసం అయింది. ఆ చవక కోడి గడ్డకట్టించిన పెట్టెల్లో యూరప్ చేరింది. పశ్చిమ జర్మనీలో జనం లొట్టలేసుకుంటూ తిన్నారు, అక్కడి కోళ్ళ రైతులు లబోదిబోమన్నారు. 1962లో యూరోపియన్ ఉమ్మడి మార్కెట్ దిగుమతి కోడి మీద సుంకం బాగా పెంచేసింది. అమెరికాలో కోళ్ళ పరిశ్రమకి గట్టి పునాది ఉన్న రాష్ట్రం ఆర్కన్సా. ఆ రాష్ట్రపు సెనేటర్ ఫుల్‌బ్రైట్, అణ్వాయుధాల గురించి నాటో సమావేశంలో చర్చ జరుగుతూంటే మధ్యలో లేచి కోళ్ళ సంగతి ఎత్తాడు. బెర్లిన్ గోడ, క్యూబా గొడవల మధ్య తనకీ కెనెడీకీ నడిచిన ఉత్తరాల్లో సగం కోళ్ళ గురించేనని జర్మన్ ఛాన్సలర్ ఆడెనావర్ నవ్వులాటగా అన్నట్టు చెబుతారు.

బేరాలు కుదరలేదు. కెనెడీ హత్య జరిగిన రెండు వారాలకి, 1963 డిసెంబరు 4న, కొత్త అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ప్రతీకార సుంకం ప్రకటించాడు. బంగాళదుంప పిండి, డెక్స్‌ట్రిన్ అనే జిగురు పదార్థం, బ్రాందీ, తేలికరకం ట్రక్కులు, ఈ నాలుగిటి మీదా. ట్రక్కుల మీద 25 శాతం. మొదటి మూడూ యూరప్‌ని గిల్లడానికి. నాలుగోది ఫోక్స్‌వాగన్‌కి. ఫోక్స్‌వాగన్ దిగుమతులని ఆపమని ఆటో కార్మికుల సంఘం నాయకుడు వాల్టర్ రూథర్ జాన్సన్ మీద ఒత్తిడి తెస్తూ ఉన్నాడు. 1964లో ఎన్నికలున్నాయి, కార్మికుల ఓట్లు కావాలి. రాజకీయం అంతే. కానీ వాణిజ్య నియమాల ప్రకారం ఇలాంటి సుంకం ఒక్క దేశం మీదే వేయడానికి లేదు. ఏ దేశం నించి వచ్చినా పడాలి. అలా జర్మనీ మీద ఎక్కుపెట్టిన బాణం చివరికి జపాన్‌కి తగిలింది.

కోళ్ళ గొడవ కొన్నేళ్ళకి అందరూ మర్చిపోయారు. పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీల మీద సుంకం తర్వాత తగ్గిపోయింది. ట్రక్కుల మీద మాత్రం తీసేసినవాడు లేడు. మామూలు కారు మీద దిగుమతి సుంకం రెండున్నర శాతం, ట్రక్కు మీద ఇరవై అయిదు. (ఈ మధ్య వచ్చిన కొత్త సుంకాల గొడవలోకి నేను వెళ్ళడం లేదు. అది వేరే కథ, ఇంకా నడుస్తున్న కథ.) ఇంగ్లీషులో దీన్ని 'చికెన్ టాక్స్' అంటారు. మనం కోడి పన్ను అనుకోవచ్చు.

పన్ను ఉన్నచోట దొడ్డిదారి ఉంటుంది కదా. తొట్టి లేకుండా, ఉత్త ఛాసీ, ముందు క్యాబిన్ మాత్రం ఓడలో తెస్తే అది ట్రక్కు కాదు, అసంపూర్తి బండి. సుంకం తక్కువ. ఒడ్డున దించాక తొట్టి బిగించేవాళ్ళు. 1972 నించి ఫోర్డ్ 'కూరియర్' పేరుతో అమ్మిన మాజ్దా బండి, షెవ్రొలే 'లవ్' పేరుతో అమ్మిన ఇసుజు బండి ఇలా వచ్చినవే. అంటే పన్ను వల్ల లాభపడ్డ డెట్రాయిట్ కంపెనీలే పన్ను ఎగ్గొట్టి చిన్న ట్రక్కులు తెచ్చుకున్నాయి. 1980లో కస్టమ్స్ వాళ్ళు ఆ దారి మూసేశారు. సుబారు ఇంకో ఎత్తు వేసింది. తన 'బ్రాట్' అనే చిన్న పికప్ తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చునేలా రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ప్రయాణికుల బండి అంది. కస్టమ్స్ ఒప్పుకుంది. ఆ బండి ఒకటి రోనాల్డ్ రీగన్ తన కాలిఫోర్నియా తోటలో వాడేవాడు. స్వేచ్ఛా వాణిజ్యం గురించి అన్ని ఉపన్యాసాలిచ్చినాయన ఆ సీట్లు చూసి ఏమనుకున్నాడో. ఆఖరికి ఫోర్డే టర్కీలో తయారైన తన వ్యాన్లకి వెనక సీట్లు, కిటికీలు పెట్టి తెచ్చి, దించాక అవి పీకి పారేసేది. ఆ కేసు ఏళ్ళతరబడి నడిచి, 2024లో 365 మిలియన్ డాలర్ల చెల్లింపుతో ముగిసింది.

దొడ్డిదారులు మూసుకుపోయాక మిగిలిన దారి ఒకటే, ఇక్కడే తయారు చేయడం. 1983లో టెనెసీలోని స్మిర్నాలో నిసాన్ ఫ్యాక్టరీ తెరిస్తే, అందులోంచి మొదట బయటికొచ్చింది చిన్న పికప్పే. అప్పటికే రెండు చమురు సంక్షోభాలు చూసి ఉన్నారు గనక డెట్రాయిట్ కూడా సొంతంగా చిన్న ట్రక్కులు మొదలెట్టింది. షెవ్రొలే ఎస్-10, ఫోర్డ్ రేంజర్ ఆ రోజుల్లో పుట్టినవి. 1987 మోడల్‌గా డాడ్జ్ 'డకోటా' వచ్చి, అటు చిన్నదీ ఇటు పెద్దదీ కాని 'మిడ్‌సైజ్' అనే మాటకి పని కల్పించింది. 1980లు, 90లు చిన్న ట్రక్కుకి మంచికాలం. నేను కొన్న రేంజర్ ఆ కాలపు చివరి పంటలోది.

మరి ఎందుకు పోయింది? పోటీ లేకపోవడం ఒక కారణం. కోడి పన్ను గోడ వెనక చిన్న ట్రక్కుల రంగంలో బయటివాడు చవగ్గా దూరలేడు. 2000ల చివర్లో మన మహీంద్రా కూడా ఒక డీజిల్ పికప్‌ని ఇక్కడ అమ్మడానికి ప్రయత్నించింది. అనుమతుల దాకా వచ్చి, పంపిణీదారుతో గొడవపడి, వ్యవహారం కోర్టుకెక్కి ఆగిపోయింది. డెట్రాయిట్‌కి ఇంకో లెక్క ఉంది. పెద్ద ట్రక్కు తయారు చేయడానికి చిన్నదానికంటే ఖర్చు కొంచెమే ఎక్కువ, అమ్మే ధర చాలా ఎక్కువ. అందులో నాలుగు తలుపులు, తోలు సీట్లు పెడితే ఇంకా ఎక్కువ. టెక్సస్‌లోని పేరుమోసిన పశువుల ఎస్టేట్ కింగ్ రాంచ్ పేరుతో 2000ల మొదట్లో ఫోర్డ్ ఒక ఖరీదైన రకం తీసుకొచ్చింది. అందులో కూర్చుంటే పశువుల వాసన కాదు, కొత్త తోలు వాసన వస్తుంది. ట్రక్కు ఇంటి కారు అయింది. 1960ల నాటి ట్రక్కులో పొడవు చాలావరకు తొట్టిదే. ఇప్పుడు నలుగురైదుగురు కాళ్ళు చాపుకునే గదికి వెనక తోకలా అయిదున్నర అడుగుల తొట్టి.

ప్రభుత్వ నియమాలు కూడా ఈ దారినే చదును చేశాయి. ఇది కొంచెం ఓపిగ్గా చెప్పుకోవాలి. ఎఫ్-150 అనే బండి 1975లో పుట్టడానికి కారణమే ఒక నియమం. ఆరువేల పౌండ్ల లోపు స్థూల బరువున్న బళ్ళకి పొగ శుద్ధి చేసే పరికరం, సీసం లేని పెట్రోలు తప్పనిసరి అయ్యాయి. ఫోర్డ్ అరటన్ను బండిని కాస్త బలిపించి ఆ గీత దాటించింది, దానికే ఎఫ్-150 అని పేరు పెట్టింది. అదే ఏడాది వచ్చిన ఇంధన చట్టంలో కార్లకొక మైలేజీ లక్ష్యం, ట్రక్కులకి వేరే, తేలికైన లక్ష్యం ఏర్పడ్డాయి. 2000ల రెండో భాగంలో ఆ లక్ష్యాన్ని బండి నేల మీద ఆక్రమించే వైశాల్యంతో ముడిపెట్టారు. ముందు వెనక చక్రాల మధ్య దూరాన్ని, ఎడమ కుడి చక్రాల మధ్య దూరంతో గుణిస్తే వచ్చే వైశాల్యం అది. అది పెరిగేకొద్దీ చేరాల్సిన మైలేజీ తగ్గుతుంది. అంటే చిన్న ట్రక్కు చిన్నదిగా ఉన్నందుకు కఠినమైన పరీక్ష రాయాలి. ఈ సూత్రం రాసినవాళ్ళ ఉద్దేశం మంచిదే కావచ్చు, చిన్న కార్లు చేసేవాళ్ళకి ఊరికే లాభం రాకూడదని. కానీ ఇరుకు తొట్టి బండికి అది ఉరితాడు అయింది.

2011 డిసెంబరులో మినెసోటాలోని సెయింట్ పాల్‌లో మిసిసిపీ ఒడ్డున ఉన్న ఫోర్డ్ ఫ్యాక్టరీ మూతపడింది. చివరి రేంజర్ అక్కణ్ణించే వచ్చింది. ఆ ఫ్యాక్టరీ మొదలైంది 1925లో, అంటే 281 డాలర్ల పికప్ పుట్టిన ఏడాదే. డకోటా కూడా ఆ ఏడే పోయింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. అప్పటికి రేంజర్ అమ్మకాలు బాగా పడిపోయి ఉన్నాయి, కంపెనీ దాన్ని ఏళ్ళుగా పట్టించుకోలేదు. చట్టమొక్కటే చంపిందనడం అన్యాయం. అన్నీ కలిసి చంపాయి.

తర్వాత తిరిగొచ్చినవి పేరుకే పాతవి. 2015 మోడల్‌గా కొలరాడో, 2019 మోడల్‌గా రేంజర్. నాలుగు తలుపుల టొయోటా టకోమా ఇప్పుడు పదిహేడు ముప్పావు అడుగుల పొడవుంది. 1997 నాటి రెండు తలుపుల పొట్టి తొట్టి ఎఫ్-150 పదిహేడు అడుగుల లోపే. ఇవాళ్టి మిడ్‌సైజ్, నిన్నటి ఫుల్‌సైజ్ కంటే దాదాపు అడుగు పొడవు. మధ్య అనే మాటకి అటుపక్క పెద్దది ఉంది, ఇటుపక్క ఏమీ లేదు. (2022 మోడల్‌గా ఇరవైవేల డాలర్ల లోపు ధరతో వచ్చిన ఫోర్డ్ మావరిక్ ఉంది గానీ, అది కారు ఛాసీ మీద నాలుగున్నర అడుగుల తొట్టి. పనికొచ్చే బండే. దాన్ని జనం ఎగబడి కొనడం చూస్తే, చిన్న ట్రక్కు అడిగేవాళ్ళు లేరన్నది నిజం కాదని తెలుస్తుంది.)

ఈ చరిత్ర అంతా మా మిత్రుడికి ఒక సాయంత్రం టీ తాగుతూ చెబితే, "సరే అన్నా, మరి ఏది కొనను?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

డ్రైవరు తలుపు పక్క స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదు అని. ప్రకటనల్లో కనిపించే అంకె కాదు, ఆ బండికి ఆ బండికే వేసిన అంకె. హంగులు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. ఒక మిడ్‌సైజ్‌కి అది 1,200 పౌండ్లు అనుకోండి. నలుగురు పెద్దవాళ్ళు ఎక్కితే సుమారు 650 పోయాయి. మిగిలింది 550. అయిదువేల పౌండ్ల ట్రైలర్ తగిలిస్తే దాని బరువులో పదోవంతు పైన, అంటే కనీసం 500, బండి వెనక కొక్కెం మీద పడుతుంది. అయిపోయింది లెక్క. లాగే శక్తి ఏడువేల పౌండ్లని రాసి ఉన్నా, కుటుంబంతో లాగడానికి మోసే శక్తి చాలదు. ట్రైలర్ ఉన్నవాడికి ఫుల్‌సైజ్ ఆడంబరం కాదు, అవసరం. ఇక మట్టి. ఘనగజం మట్టి టన్నుకి అటూ ఇటూగా ఉంటుంది. తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. అది అరటన్ను బళ్ళలో చాలావాటికి కూడా భారమే. రెండు ట్రిప్పులు వేయాల్సిందే, లేదా దుకాణం వాళ్ళనే తోలమనాలి. ఇంధనం ఖర్చులో పెద్ద తేడా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఒకటి రెండు మైళ్ళ తేడా, అంతే.

ఈ లెక్కలు వేస్తున్నప్పుడు నాకు టాటా ఏస్ గుర్తొచ్చింది. 2005లో ఇండియాలో వచ్చినప్పుడు దానిది ఏడువందల సీసీ ఇంజను, పన్నెండున్నర అడుగుల మొత్తం పొడవు, అందులో ఏడడుగుల తొట్టి, మోసేది 750 కిలోలు. అంటే 1,650 పౌండ్లు. పంతొమ్మిది అడుగుల పైనున్న నాలుగు తలుపుల ఎఫ్-150లు కొన్నిటికి స్టిక్కర్ మీద కనిపించే అంకె కూడా ఆ దరిదాపుల్లోదే. టాటా ఏస్‌తో టెక్సస్ హైవే ఎక్కమని నేను ఎవరికీ చెప్పను. ఢీకొంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. కానీ బరువు మోయడానికి ఎంత ఇనుము కావాలి అన్న ప్రశ్నకి మన ఊరి కూరగాయల మార్కెట్‌లో ఒక జవాబు ఉందని మాత్రం అనగలను.

పన్ను సంగతి కూడా మిత్రుడు అడిగాడు. అతనికి చిన్న వ్యాపారం ఉంది. ఆరువేల పౌండ్ల స్థూల బరువు దాటిన బండిని వ్యాపారానికి కొంటే, ఖరీదులో పెద్ద భాగం మొదటి ఏడాదే ఖర్చు కింద రాసుకోనిచ్చే సెక్షన్ 179 ఉంది. లగ్జరీ ఎస్‌యూవీలు కొనుక్కుని దీన్ని వాడేస్తున్నారని 2004లో ఒక పరిమితి పెట్టారు. తొట్టి లోపలి పొడవు ఆరడుగులు లేదా అంతకు మించి ఉన్న ట్రక్కుకి ఆ పరిమితి లేదు. అంటే అయిదడుగుల తొట్టి మిడ్‌సైజ్ ఒక గీతకి ఇటుపక్క, ఆరున్నర అడుగుల తొట్టి ఫుల్‌సైజ్ అటుపక్క. ఇక్కడ కూడా బండి ఎంత పొడవుండాలో చెబుతున్నది పని కాదు. చట్టం.

నన్ను నిజంగా ఆలోచింపజేసింది ఇంకొకటి. మా కాలనీలో సాయంత్రాలు ఇండియా నించి వచ్చిన అమ్మానాన్నలు నడకకి వస్తారు. చీర మీద స్వెటర్, కాళ్ళకి కొత్త బూట్లు, చేతిలో మనవరాలి వేలు. ఫుట్‌పాత్ ఆగిపోయిన చోట రోడ్డు మీదికి దిగుతారు. 2023లో హైవే భద్రతా బీమా సంస్థ ఒక అధ్యయనం ప్రచురించింది. ముందు బానెట్ ఎత్తు నలభై అంగుళాలు దాటిన బళ్ళు పాదచారిని ఢీకొంటే, ముప్పై అంగుళాల లోపు ఎత్తుండి వాలుగా ఉన్న బళ్ళకంటే ప్రాణం పోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ. ఫుల్‌సైజ్ ట్రక్కుల బానెట్లు నలభైని సులువుగా దాటుతాయి. మిడ్‌సైజ్‌లు కూడా ఇందులో పెద్ద అమాయకులు కావు. కానీ నా సీట్లోంచి చూస్తే, బండి ముందు నిలబడ్డ ఆరేళ్ళ పిల్ల నెత్తిమీది రిబ్బను కనిపించడానికీ కనిపించకపోవడానికీ మధ్య ఆ కొన్ని అంగుళాలే ఉంటాయి. ఈ లెక్క ఏ స్టిక్కర్ మీదా ఉండదు.

మిత్రుడు టేపు తీసుకుని గరాజ్ కొలిచాడు. ఇరవై అడుగుల లోతు, అందులో వాటర్ హీటర్ రెండడుగులు తినేసింది. ట్రైలర్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. ప్లైవుడ్ ఏడాదికి రెండుసార్లు. ఆ రెండుసార్లూ ట్రక్కు అద్దెకి తెచ్చుకోవచ్చు కదా అన్నాను. "పందిరికి గుంజలున్నాయి, మట్టి బస్తాలున్నాయి, మా ఆవిడ వ్యాన్ ఇవ్వనంటోంది" అన్నాడు. మూడు నెలలు వెతికి, ఆరడుగుల తొట్టి ఉన్న పాత మిడ్‌సైజ్ ఒకటి ఓక్లహోమా దాకా వెళ్ళి తెచ్చుకున్నాడు. పొడుగు తొట్టిది కావడంతో గరాజ్‌లో పట్టలేదు, బయటే పెడుతున్నాడు. కొన్న వారానికే ఫోను. "అన్నా, పలక పట్టడం లేదు, చక్రాల గూళ్ళ మీద ఎక్కి ఊగుతోంది." తొట్టి గోడల్లో, గూళ్ళ ఎత్తున, గాడిలాంటి పల్లాలు ఉన్నాయేమో చూడమన్నాను. ఉన్నాయి. రెండంగుళాల మందం చెక్కబద్దలు రెండు కోయించి, ఆ పల్లాల్లో అడ్డంగా దించి, వాటి మీద పలక పరవమన్నాను. బద్దల ఖరీదు పది డాలర్లు కాలేదు.